మిగిలినదాంట్లో సగం

నెగోరో మాస్టారు తన జీవితంలో ఏ పనినీ ఒక్క ఊపున పూర్తి చేసిన పాపాన పోలేదు. ఏది చేయాల్సి వచ్చినా మిగిలినదాంట్లో సగం చేసి ఆగుతారు. ఆగి, చూసి, తల పంకించి, మళ్ళీ మిగిలినదాంట్లో సగం చేస్తారు. మళ్ళీ ఆగుతారు. ఇలా సగాలు చేసుకుంటూ పోతే పని ఎప్పటికి పూర్తవుతుంది మాస్టారూ అని అడిగితే, "పూర్తవకపోతే ఏం, దగ్గరకొస్తోందిగా" అనేవారు.

ఆయన కారు నిలిపే వేడుక చూపించడానికి మా ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్ళని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళేవాళ్ళం. గోడ ఇంకా పది అడుగులు ఉందనగా ఐదడుగులు పోనిచ్చి బ్రేకు వేస్తారు. తల బయటపెట్టి చూస్తారు. రెండున్నర అడుగులు పోనిస్తారు. మళ్ళీ బ్రేకు, మళ్ళీ తల బయటకి. చివరికి కారుకీ గోడకీ మధ్య చీమ కూడా పక్కకి తిరిగి నడవాల్సినంత సందు మిగిలాక, ఆ సందులో సగం ఎంతో ఆలోచిస్తూ కూర్చుంటారు. ఇంటి దగ్గరైతే ఆయన భార్య సుమియె గారు మొదటి బ్రేకుకే దిగిపోయి, లోపలికెళ్ళి బియ్యం కడిగి కుక్కర్ పెట్టి, బట్టలు ఆరేసి, మళ్ళీ వచ్చి కారు అద్దం మీద తట్టేవారట. "ఏమండీ, మనం ఇల్లు చేరాం. గోడకి కూడా చెప్పాను" అనేవారట.

వంటలోనూ ఇదే తంతు. మిసో చారు ఆయన కలిపిన రోజున కావలసిన సోయా ముద్దలో సగం వేసి రుచి చూసేవారు. తక్కువైందని ఆ తక్కువలో సగం వేసేవారు. రుచి కుదిరేసరికి చారు చల్లారిపోయేది. వేడి చేద్దామంటే మంట పెంచడం కూడా సగం సగమే కనక, ఆ ఇంట్లో ఆదివారం పొద్దుటి చారు మధ్యాహ్నం తాగేవారని ప్రతీతి.

మా ఒసాకా వైపు ఒక మర్యాద ఉంది. నలుగురూ కలిసి తింటున్నప్పుడు పళ్ళెంలో మిగిలే చివరి ముక్కని ఎవరూ ముట్టుకోరు. దాన్ని మొహమాటం ముద్ద అంటాం. మాస్టారు ఉంటే మొహమాటానికి చోటే లేదు. చివరి ఆక్టోపస్ పునుగుని ఆయన నిస్సంకోచంగా సగం కోసుకుని తినేవారు. ఆయన్ని చూసి పక్కవాడు మిగిలినదాంట్లో సగం, వాడి పక్కవాడు అందులో సగం. ఒకసారి సంవత్సరాంతపు విందులో పళ్ళెంలో ఆవగింజంత పునుగు మిగిలితే, మా ప్రయోగశాల నుంచి పట్టకారు తెప్పించాల్సి వచ్చింది.

ఆయన పెళ్ళి కథ సుమియె గారు చెప్తుంటే వినాలి. కుర్రతనంలో మాస్టారు ఆవిడని పెళ్ళికి అడుగుదామని బయల్దేరారట. మొదటి ఆదివారం వాళ్ళ ఇంటికి సగం దూరంలో ఉన్న స్టేషన్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళారు. రెండో ఆదివారం అక్కణ్ణుంచి మిగిలినదాంట్లో సగం వచ్చి, చేపల దుకాణం ముందు కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళారు. తర్వాతి ఆదివారం పోస్టు డబ్బా దాకా. ఆ వేసవంతా ఆయన దగ్గరవుతూనే ఉన్నారు. ఆకులు రాలే కాలానికి ఆయన వాళ్ళ కంచె దగ్గరికి వచ్చి, కంచెకీ తలుపుకీ మధ్య దూరాన్ని కళ్ళతో కొలుస్తుంటే, సుమియె గారే తలుపు తీసుకుని వచ్చి, "సరే, చేసుకుంటాను, లోపలికి రండి, జలుబు చేస్తుంది" అన్నారట.

"నేను తలుపు తీయకపోయుంటే ఈయన ఇప్పటికీ మా పెరట్లోనే ఉండేవారు" అంటారావిడ.

"ఉండేవాణ్ణే. కానీ బాగా దగ్గర్లో" అంటారు మాస్టారు.

ఈ సగం జబ్బు ఆయనకి ఎక్కడ అంటుకుందో చెప్పాలంటే మా రియాక్టర్ సంగతి చెప్పాలి. విశ్వవిద్యాలయానికి దూరంగా, ఉల్లి చేల మధ్య, సముద్రపు గాలి తగిలే చోట ఉంటుంది మా భవనం. అందులో ఉన్నది బహుశా దేశంలోకెల్లా నీరసమైన రియాక్టర్. అది క్రిటికల్ అయినా, అంటే లోపలి గొలుసు చర్య ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను నడుస్తున్నా, దాని వేడికి ఒక కప్పు నీళ్ళు కూడా గోరువెచ్చన కావు. దాని గొప్పతనమూ అదే. వేడెక్కదు కనక చల్లార్చే తతంగం లేదు. ఇంధనం దాదాపు ఖర్చే కాదు కనక ఎన్నేళ్ళయినా కొత్తదానిలా ఉంటుంది. ఆపేసిన కాసేపటికి చేతులకి తొడుగులు వేసుకుని, ఇంధనపు పలకల్ని పేకముక్కల్లా తీసి ఇంకో విధంగా పేర్చుకోవచ్చు. పెద్ద పెద్ద పరిశోధన రియాక్టర్లు నడిపేవాళ్ళు తమ దగ్గర ఏదైనా మార్చాలంటే, ఆ మార్పుని ముందు మా దగ్గర పేర్చి చూసుకుంటారు. నేను ఇక్కడికి విద్యార్థినిగా వచ్చి, కంట్రోల్ గదిలో ఆపరేటర్‌గా స్థిరపడిపోయాను. నా పేరు ఉరతాని.

పేర్చడానికి ఒక పద్ధతి ఉంది. కొంత ఇంధనం పెట్టి, అందరం ఆ గదిలోంచి బయటకొచ్చి తలుపు మూస్తాం. గొలుసు చర్యని అణిచి ఉంచే అదుపు కడ్డీలు పైకి లాగి, లోపల న్యూట్రాన్లు ఎంత జోరుగా ఉన్నాయో లెక్కపెడతాం. ఇంధనం పెరిగేకొద్దీ లెక్క పెరుగుతుంది. ఆ లెక్కని తిరగేసి, అంటే ఒకటిని దానితో భాగించి, గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెడితే, ఒక్కో చుక్కా కిందికి దిగుతూ వస్తుంది. చుక్కల్ని కలిపి గీత గీస్తే అది నేలని, అంటే గ్రాఫ్ అడుగు గీతని, తాకే చోటే రియాక్టర్ క్రిటికల్ అయ్యే చోటు. అక్కడికి ఇంకా ఎంత దూరముందో, అందులో సగానికి మించి ఒకేసారి వేయకూడదు. ఇది లోకమంతా ఎరిగిన నియమమే. కాకపోతే మిగతావాళ్ళు సాయంత్రం దాన్ని అక్కడే వదిలేసి ఇంటికెళ్తారు. మా మాస్టారు వెంటబెట్టుకుని వెళ్ళారు.

మా గేటుకి కాస్త దూరంలో కిషిగామి అవ్వ ఉదొన్ నూడుల్స్ దుకాణం ఉంది. నూడుల్స్‌తో పాటు అవ్వ పెట్టే నీటివంకాయ ఊరగాయకి మేమంతా దాసులం. ఈ అవ్వ ఒకసారి మాస్టారుని నిలదీసింది.

"ఇన్నేళ్ళనుంచి చూస్తున్నా. మీ రియాక్టర్‌తో ఎన్నిళ్ళకి కరెంటు వస్తుందయ్యా?"

"ఒక్క ఇంటికీ రాదవ్వా. నా బల్ల మీద దీపం కూడా వెలగదు."

"మరెందుకు దాన్ని మేపుతున్నారు?"

"నువ్వు పులుసు రుచి చూసే గరిటె ఎంతుంటుంది?"

"ఇంత."

"దాంతో ఎంతమంది కడుపు నిండుతుంది?"

అవ్వ గరిటె వైపు ఒకసారి, మాస్టారు వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత మా గురించి ఎవరు వెటకారం చేసినా, వాళ్ళది రుచిచూసే గరిటె, మీకేం తెలుసు అని అవ్వే తగువుకి వెళ్ళేది.

అవ్వకి అర్థమైంది విశ్వవిద్యాలయంలోని మా పెద్దాఫీసుకి అర్థం కాలేదు. దేశంలో రియాక్టర్ అనే మాట వింటేనే జనం ఉలిక్కిపడుతున్న రోజులవి. నగరం నుంచి కోట్లు వేసుకున్న పెద్దమనుషులు వచ్చి, ఇది ఏం తయారు చేస్తుందని అడిగారు. కరెంటు లేదు, ఆసుపత్రులకి మందులు లేవు, కనీసం వేడినీళ్ళు లేవు. మాస్టారు జవాబు మొదలుపెట్టి, సగం చెప్పి, వాళ్ళ ముఖాలు చూడడానికి ఆగారు. ఆయన మిగిలినదాంట్లో సగం చెప్పేలోపు వాళ్ళ రైలు టైమైపోయింది. ఏడాది తిరిగేలోగా ఈ రియాక్టర్ ఎవరికైనా పనికొస్తుందని తేలకపోతే మూసేస్తామని చెప్పి వెళ్ళారు.

అదృష్టం ఉత్తరాది నుంచి వచ్చింది. అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పెద్ద పరిశోధన రియాక్టర్‌ని కొత్త రకం ఇంధనానికి మార్చాలి. మార్చేముందు ఆ అమరికని మా దగ్గర పేర్చి చూస్తామన్నారు. ఇది సవ్యంగా జరిగితే పెద్దాఫీసు నోరు మూతపడుతుంది. జరగకపోతే మా భవనం తలుపు మూతపడుతుంది. నెలల తరబడి ఏర్పాట్లు చేశాం. మాస్టారు మాత్రం ఏ హడావిడీ లేకుండా, ఏర్పాట్లలో మిగిలినదాంట్లో సగం చేసుకుంటూ పోయారు.

అనుకున్న రోజు పొద్దున్నే ఆ ఉత్తరాది సంస్థ విభాగాధిపతి కత్సురగావా గారు దిగారు. మనిషి గాలివానలా ఉంటారు. నడక పరుగులా, మాట దెబ్బలా. గడియారం చూడకుండా రెండు వాక్యాలు పలకరు. ఆయన వెనక ఒక సన్నపాటి అమ్మాయి, పేరు ఒగినో చిసె. ఈ అమరికకి ఎంత ఇంధనం పడితే క్రిటికల్ అవుతుందో లెక్క కట్టింది ఆమే. ఏడాది పాటు అదే పనట.

"ఈ ఒగినో లెక్క మీదే మా పథకమంతా నిలబడి ఉంది," అని కత్సురగావా గారు అందరి ముందూ ప్రకటించారు. "పైవాళ్ళకి మాటిచ్చేశాను. కొత్త ఇంధనం తయారీకి కూడా చెప్పేశాం. ఇవాళ ఇది ఊరికే ముద్ర వేయించుకోవడం. మధ్యాహ్నం రైలుకి నేను వెళ్ళాలి."

మెచ్చుకున్నారో బెదిరించారో తెలియక ఆ అమ్మాయి నేలచూపులు చూసింది.

పని మొదలైంది. ఒగినో లెక్క ప్రకారం కావలసిన ఇంధనంలో సగం పేర్చి, న్యూట్రాన్లు లెక్కపెట్టి, మొదటి చుక్క పెట్టాం. మా దగ్గర కంప్యూటర్ దానంతటదే గ్రాఫ్ గీస్తుంది. మాస్టారు ఆ తెర కట్టేసి, పెన్సిలూ స్కేలూ ఒగినో చేతికిచ్చారు. యంత్రం గీస్తే యంత్రానికే తెలుస్తుందని ఆయన వాదన. కత్సురగావా గారు, మొదటిది బానే ఉందిగా, ఇక గోరంత మాత్రం ఉంచి మిగతాదంతా ఒకేసారి పెట్టేద్దాం అన్నారు. మాస్టారు సగం అన్నారు. పోనీ ముప్పాతిక అన్నారు ఆయన. మాస్టారు సగం అన్నారు. ఇలా బేరమాడితే చేపల బజారులో కూడా ఎంతో కొంత తగ్గిస్తారు, మీరు తగ్గరేమిటని కత్సురగావా గారు విసుక్కుని, ఫోన్ వస్తే వసారాలోకి వెళ్ళారు.

సగమే పెట్టాం. లెక్క వచ్చింది. ఒగినో రెండో చుక్క పెట్టి, స్కేలు ఆనించి గీత గీసింది. గీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆమె రబ్బరుతో గీత చెరిపేసి మళ్ళీ గీసింది. మళ్ళీ చెరిపింది. మాస్టారు ఆమె భుజం మీదుగా ఒకసారి చూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను మీటలు చూసుకుంటూ ఉండడం వల్ల గ్రాఫ్ వైపు చూడలేదు.

"ఇప్పుడు సగంలో సగం" అన్నారు మాస్టారు.

నేను కుర్చీలోంచి వెనక్కి తిరిగాను. ఇన్నేళ్ళలో ఆయన సగానికి ఎక్కువ వేయడం ఎలా చూడలేదో, తక్కువ వేయడమూ చూడలేదు. సూర్యుడు పడమట ఉదయించినా నాకంత వింత అనిపించేది కాదు. ఏమైందని అడగబోతుంటే ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. పాతిక పెట్టాం. మూడో చుక్క పడింది. ఒగినో ముఖం పాలిపోయింది.

సరిగ్గా అప్పుడే కత్సురగావా గారు లోపలికొచ్చి, ఇంకెంతసేపు అన్నారు.

"నాకు ఆకలేస్తోందండి. ఉదొన్ తినొద్దాం" అన్నారు మాస్టారు.

ఇదీ వింతే. పని మధ్యలో ఆయన తిండి మాట ఎత్తడం ఎవరూ ఎరగరు. పొద్దున పది గంటలకి భోజనమేమిటని కత్సురగావా గారు అంటున్నా వినిపించుకోకుండా, కడ్డీలు దించేయించి, ఇంధనాన్ని భద్రంగా సర్దించి, ఆయన్ని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "ఉరతానీ, నువ్వు ఇక్కడే ఉండు. ఆ అమ్మాయికి టీ పెట్టివ్వు. మాట్లాడకు" అన్నారు.

అవ్వ దుకాణంలో ఏం జరిగిందో తర్వాత అవ్వా, కత్సురగావా గారూ విడివిడిగా నాకు చెప్పారు. దుకాణం ముందు కారు నిలపడంతోనే సగం పొద్దు గడిచిందట. లోపల కూర్చున్నాక మాస్టారు సగం గిన్నె ఉదొన్ చెప్పారు. అది తిన్నాక, ఇంకాస్త ఖాళీ ఉందని, ఇంకో సగం గిన్నె చెప్పారు. కత్సురగావా గారు లేవబోతే, ఊరగాయ రుచి చూడకుండా వెళ్తే అవ్వ బాధపడుతుందని మళ్ళీ కూర్చోబెట్టారు. వంకాయ ముక్కని సగం కొరికి, దాని గుణగణాలు వర్ణించి, మిగిలినదాంట్లో సగం కొరికారు. ఆపైన మళ్ళీ సగం గిన్నె.

"ఆయన ఎన్ని సగాలు తింటే అన్ని గిన్నెలయ్యాయో దేవుడికెరుక," అంది అవ్వ. "ఆ ఉత్తరాదాయన చూస్తే పాపం, నా బల్లమీద వేళ్ళతో తబలా వాయిస్తున్నాడు. నడిచి వెళ్ళిపోతానన్నాడు. ఈయన, దారిలో ఉల్లిచేలకి మందు కొడుతున్నారు, మీ కోటు పాడవుతుంది అన్నాడు. ఎవరు కొడుతున్నారు? ఆ చేలు మావే."

ఇక్కడ కంట్రోల్ గదిలో నేను టీ పెట్టి ఒగినో ముందుంచి, మాట్లాడకుండా కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. ఎందుకంటే అప్పటికి గ్రాఫ్ నేనూ చూశాను. మూడు చుక్కలూ బుద్ధిగా ఒకే గీత మీద ఉన్నాయి. ఆ గీత నేలని తాకే చోటు, ఒగినో లెక్క చెప్పిన చోటుకి చాలా ముందే ఉంది. అంటే ఆమె చెప్పినదానికంటే ఎంతో తక్కువ ఇంధనంతోనే ఇది క్రిటికల్ అయిపోతుంది. కత్సురగావా గారన్నట్టు గోరంత ఉంచి మిగతాదంతా పెట్టి కడ్డీలు లాగి ఉంటే, రియాక్టర్ జోరు ఒక్కసారిగా ఎగబాకేది. రక్షణ ఏర్పాటు కడ్డీల్ని దభీమని కింద పడేసి ఆపేసేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ భవనమంతా అలారం మోగేది. మర్నాడు పేపర్లలో వచ్చేది. పెద్దాఫీసువాళ్ళు తాళం కప్పతో సహా దిగేవాళ్ళు.

ఒగినో టీ ముట్టుకోలేదు. ఇంధనం చుట్టూ గోడలా పేర్చే ప్లాస్టిక్ పలక ఒకటి అడిగి తీసుకుని మందం కొలిచింది. సరిగానే ఉంది. తన లెక్క తెరిచి మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది. నేను కిటికీలోంచి ఉల్లిచేలని చూస్తూ నోరు నొక్కుకున్నాను. చాలాసేపటికి ఆమె ఒక చోట వేలు పెట్టి, "అయ్యో" అంది, చాలా మెల్లగా.

ఏమైందంటే, లెక్క తేలికగా తేలడం కోసం ఆమె అమరికలో సగాన్నే తీసుకుని, రెండో సగం అచ్చం ఇలాగే ఉంటుందనుకుని చేసింది. అందరూ చేసే పనే. కానీ ఇంధనం చుట్టూ పేర్చే ప్లాస్టిక్ గోడని అప్పటికే ఒకసారి సగం చేసి పెట్టుకుని, మర్చిపోయి, మళ్ళీ సగం చేసింది. గోడ పలచనైతే న్యూట్రాన్లు బయటికి పారిపోతాయి, కాబట్టి ఇంధనం ఎక్కువ కావాలని లెక్క చెప్పింది. నిజంలో గోడ మందంగానే ఉంది. పారిపోయాయనుకున్నవన్నీ తిరిగొస్తున్నాయి.

"నేను వెళ్ళిపోతానండి," అంది ఒగినో నాతో. "రైలు ఎక్కేస్తాను. ఆయనకి మీరు చెప్పండి."

మాట్లాడొద్దన్న ఆజ్ఞ ఉందాయె. టీ కప్పు ఆమె వైపు ఇంకాస్త జరిపాను. ఆమె అది తాగేసి, కుర్చీ ముందుకి లాక్కుని, గోడ మందం సరిచేసి లెక్క మళ్ళీ నడిపించింది. కొత్త జవాబు వచ్చింది. దాన్ని గ్రాఫ్ మీద చిన్న గుర్తుగా పెట్టింది. మూడు చుక్కల గీత సరిగ్గా ఆ గుర్తు దగ్గరికే పోతోంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఒగినో లేచి నిలబడి ఉంది. కత్సురగావా గారు గుమ్మంలోనే, ఇక ఆలస్యం చేయకుండా మిగతాది పెట్టండి అన్నారు.

"పెట్టకూడదండి," అంది ఒగినో. "నా లెక్క తప్పు. గోడ మందాన్ని రెండుసార్లు సగం చేశాను. మూడు చుక్కలూ చూస్తే తెలిసింది. సరిచేశాను, ఇదిగోండి."

కత్సురగావా గారి మెడ దగ్గర ఎరుపు మొదలై చెవుల దాకా పాకింది. ఆయన నోరు తెరవబోయారు. ఆయనకంటే ముందు, అందునా మధ్యలో ఆగకుండా, మాస్టారు మాట్లాడారు.

"సగం చేయడం మంచి అలవాటేనమ్మా. కానీ ఒకే వస్తువుని రెండుసార్లు సగం చేసే హక్కు ఇక్కడ నాకొక్కడికే ఉంది."

నేను నవ్వాను. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. ఒగినో కళ్ళలో నీళ్ళతో నవ్వింది. నవ్వుల మధ్య కోప్పడడం ఎంత కష్టమో కత్సురగావా గారికి తెలిసొచ్చింది. ఆయన గ్రాఫ్ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, చాలాసేపు చూశారు. గడియారం ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇది నీకు ఎవరైనా చెప్పారా?" అని అడిగారు.

"లేదండి."

"నీ అంతట నువ్వే పట్టుకున్నావా?"

"అవునండి."

"మా దగ్గర పెట్టాక బయటపడి ఉంటే..." అని ఆగిపోయారాయన. వాళ్ళ రియాక్టర్ లోతైన నీళ్ళ అడుగున ఉంటుంది. ఒకసారి నడిచిందంటే ఆ ఇంధనాన్ని మళ్ళీ చేత్తో ముట్టుకోవడమంటూ ఉండదు. అందులో తప్పు దిద్దాలంటే ఎన్ని నెలలు పడుతుందో, ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలో ఆయనకే బాగా తెలుసు. మాస్టారు ఆయన పక్కన నిలబడి, "అక్కడైతే యంత్రాన్ని దిద్దాలి. ఇక్కడైతే పెన్సిలు గీతే కదండీ" అన్నారు.

మధ్యాహ్నం రైలు వెళ్ళిపోయింది. ఎవరూ దాని ఊసెత్తలేదు. కొత్త లెక్క ప్రకారం మిగిలినదాంట్లో సగం పెట్టాం. మళ్ళీ సగం. చివరి పలకని మాస్టారు ఒగినో చేత పెట్టించారు. తలుపు మూసి కడ్డీలు లాగితే, ఆమె గుర్తు పెట్టినంత ఇంధనానికే సూచి నెమ్మదిగా పైకి నడిచి, స్థిరంగా నిలబడింది. రియాక్టర్ తనంతట తాను నడుస్తోంది. మా కెటిల్లో నీళ్ళు ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి.

అంతా ఆపేశాక కత్సురగావా గారు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, తనకో జత తొడుగులు దొరుకుతాయా అని అడిగారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తానెప్పుడూ ఇంధనాన్ని చేత్తో పట్టుకోలేదట. రేపు పొద్దున మొదటి పలక తాను పెట్టొచ్చా అన్నారు. మర్నాడు ఆ గాలివాన మనిషి పలకని రెండు చేతులతో, నిద్రపోతున్న పసిపాపని ఉయ్యాల్లో వేసినట్టు పెట్టడం నేను చూశాను. ఒగినో పక్కన నిలబడి, కొంచెం ఎడమకి జరపండి అంటుంటే, బుద్ధిగా జరిపారు.

ఆ పని అయ్యాక ఆయన మా పెద్దాఫీసుకి స్వయంగా వెళ్ళి, ఈ రియాక్టర్ లేకపోతే మేం తప్పు లెక్కతో ఇంధనం నింపుకునేవాళ్ళం అని, తన సహజమైన గొంతుతో, వసారా దాకా వినిపించేలా చెప్పొచ్చారట. పెద్దాఫీసు మెత్తబడింది. మేము ఎన్నేళ్ళు నడుపుతామని అడిగామో అందులో సగం ఏళ్ళకి అనుమతి ఇచ్చింది. మేమంతా ముఖాలు వేలాడేస్తే, మాస్టారు ఒక్కరే పరమానందంగా, చాలా సరైన నిర్ణయం, అయ్యాక మళ్ళీ అడుగుదాం అన్నారు.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఆ మొదటి రోజు సాయంత్రం సంగతి. అతిథులు బసకి వెళ్ళిపోయారు. కంట్రోల్ గదిలో నేనూ మాస్టారూ మిగిలాం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఇన్నేళ్ళూ ఆయన సగాల అలవాటు చాదస్తమనే అనుకున్నాను. విద్యార్థులుగా ఉన్నప్పుడు మేమూ ఆ సగాలకి విసుక్కునేవాళ్ళం. ఇవాళ మాత్రం ఒక మాట అడగకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

"మాస్టారూ, రెండో చుక్క దగ్గరే మీకు తెలిసిపోయింది కదూ?"

ఆయన కళ్ళు తెరవలేదు. "సగం తెలిసింది" అన్నారు.

"మిగతా సగం?"

"అది ఆ అమ్మాయి చెప్పాలి. నేను చెప్తే నాకు దొరికిన తప్పవుతుంది. తను చెప్తే తనకి దొరికిన తప్పు. రెంటికీ చాలా తేడా ఉంది, ఉరతానీ."

"ఆమె చెప్పకుండా రైలెక్కేసి ఉంటే?"

"ఇంకో సగం గిన్నె తినేవాణ్ణి."

అప్పుడు చూశాను ఆయన ముఖం. నుదుటి మీద చెమట. మామూలుగా ఆయన పిచ్చుక తిండి మనిషి. ఆ పూట ఆ అమ్మాయి కోసం తిన్న సగాలన్నీ కలిపితే నాలుగు నిండు గిన్నెలు తేలాయని అవ్వ తర్వాత లెక్కచెప్పింది. పొద్దుటి నుంచి ఆ భారంతోనే ఆయన నవ్వుతూ, మాట్లాడుతూ, మెట్లెక్కుతూ దిగుతూ తిరిగారు. ఇప్పుడు లేవలేకపోతున్నారు. కారు నడిపే మాట దేవుడెరుగు.

నేను సుమియె గారికి ఫోన్ చేశాను. ఆవిడ సైకిల్ మీద వచ్చి, గుమ్మంలో నిలబడి, భర్తని పైనుంచి కిందికి ఓసారి చూసి, ఎవరి కోసం అని మాత్రం అడిగారు. ఉత్తరాది నుంచి వచ్చిన అమ్మాయి కోసం అని చెప్పాను. ఆవిడ నిట్టూర్చి, పోయినసారి ఎవరో కుర్రాడి కోసం ఐస్‌క్రీమ్ తిన్నారు, అప్పుడు మూడు రోజులు గొంతు పోయింది అన్నారు. ఆ కుర్రాడెవరో, అతని తప్పేమిటో నాకు ఇవాళ్టికీ తెలీదు. మా గదిలో ఎవరూ ఎరగరు.

ఆవిడ కుడి రెక్క పట్టుకున్నారు, నేను ఎడమ రెక్క పట్టుకున్నాను. లేపబోతుంటే మాస్టారు కంగారుగా కళ్ళు తెరిచారు.

"ఒక్కసారిగా లేపకండి," అన్నారు. "ముందు సగం."